దేవదారు మీద రాగి మేకులు

ఎర్ర దేవదారు గట్టి చెక్కేమీ కాదు. గోటితో నొక్కితే గీత పడుతుంది. ఉలి ఆనిస్తే చాలు, పొరలు పొరలుగా లేచి వస్తుంది. కానీ వానకు కుళ్లదు, పురుగుకు లొంగదు, నరికిన ఏళ్లకు కూడా వాసన వదలదు. కెనడా పడమటి తీరంలో, పసిఫిక్ సముద్రం ఏడాది పొడుగునా మబ్బుల్ని అడవి మీదికి తోలే ఆ చోట, మనుషులు తమ బతుకంతా ఈ చెట్టు చుట్టూనే అల్లుకున్నారు. మాను తొలిచి పడవ చేశారు. పలకలు చీల్చి ఇల్లు కట్టారు. బెరడు ఒలిచి, నానబెట్టి, దంచి బట్ట నేశారు, చాప అల్లారు, తాడు పేనారు. పుట్టిన బిడ్డను పడుకోబెట్టే తొట్టి దేవదారే, పోయినవాళ్లను దాచే పెట్టే దేవదారే. వంశం కథను నిలువెత్తున చెప్పే స్తంభమూ దేవదారే. ఇంత మెత్తని చెక్కకు ఎంత ఓర్పు! ఆ ఓర్పు మీదే భారం వేసి, ఒక దేశం తన నేల పిల్లలకు చేసిన ఘోరాన్ని ఈ కాలపు శిల్పులు ఆ చెక్కలో చెప్పారు. ఆ శిల్పాల ముందు కాసేపు నిలబడదాం, రండి.

ఘోరం సంగతి క్లుప్తంగా చెప్పి ముందుకు సాగుతాను. పంతొమ్మిదో శతాబ్దం నుంచి 1990ల దాకా కెనడా ప్రభుత్వమూ, క్రైస్తవ చర్చిలూ కలిసి ఆదివాసీ పిల్లల కోసం రెసిడెన్షియల్ స్కూళ్లు నడిపాయి. మన గురుకులాలను మనసులో పెట్టుకోకండి. అక్కడ పిల్లల్ని చట్టం బలంతో తల్లుల ఒడిలోంచి లాక్కుపోయారు. వెళ్లగానే జుట్టు కత్తిరించారు. ఇంటి నుంచి కట్టుకొచ్చిన బట్టలు విప్పించి యూనిఫారం తొడిగారు. పేరు పక్కన పెట్టి నంబరుతో పిలిచారు. అమ్మ నేర్పిన మాట నోట వస్తే కొట్టారు. అలా లక్షా యాభై వేల మంది పిల్లలు ఆ గోడల మధ్య పెరిగారు. వాళ్లలో వేల మంది ఇంటికి తిరిగి రాలేదు. కొందరిని ఎక్కడ పూడ్చారో కూడా తల్లిదండ్రులకు ఎవరూ చెప్పలేదు.

బతికి బయటపడ్డవాళ్లు పెద్దవాళ్లయ్యాక కోర్టులకెక్కారు. వాళ్ల పోరాటం వల్లే ఒప్పందం కుదిరి 2007లో అమలుకు వచ్చింది. 2008 జూన్ 11న ప్రధాని స్టీఫెన్ హార్పర్ పార్లమెంటులో నిలబడి క్షమాపణ చెప్పాడు. నష్టపరిహారం లెక్క ఇలా ఉండేది: స్కూల్లో గడిపిన మొదటి ఏడాదికి పది వేల డాలర్లు, ఆపైన ప్రతి ఏడాదికీ మూడు వేలు. ఒంటి మీద జరిగిన అఘాయిత్యాలకు వేరే విచారణ. అందులో ఒక్కో దారుణానికి ఇన్ని పాయింట్లని పట్టిక. ఆ డబ్బును నేను తక్కువ చేయను. అది వాళ్ల హక్కు, ఇంకా ముందే అందవలసింది. కానీ అరవై ఏళ్లు గొంతులో మోసిన దుఃఖాన్ని పట్టికలోని గడిలో పెట్టి చూపించాల్సి వచ్చినప్పుడు ఆ మనిషికి ఎలా ఉండి ఉంటుంది! పరిహారం అక్కడికి వచ్చి ఆగిపోతుంది. అది ఆగిన చోట కరుణరసం మొదలవుతుంది. శోకం దానికి స్థాయీభావమని భరతుడు చెప్పాడు. ఆ శోకం చేతిపనిలోంచి, చెక్కలోంచి, లోహంలోంచి మన గుండెలోకి ఎలా నడిచి వస్తుందో ఈ పనుల్లో చూడాలి.

ఆ ఒప్పందం నుంచే సత్యశోధన, సయోధ్య కమిషన్ పుట్టింది. ఆదివాసీ న్యాయమూర్తి ముర్రే సింక్లెయిర్ దానికి అధ్యక్షుడు. దేశమంతా తిరిగి ఆరున్నర వేల మందికి పైగా చెప్పినది ఆ కమిషన్ విన్నది. వినడానికి వెళ్లేటప్పుడు తనతో ఒక పెట్టెను తీసుకెళ్లింది. కోస్ట్ సేలిష్ జాతి శిల్పి లూక్ మార్స్టన్ చేత 2009లో చేయించుకున్న పెట్టె అది. బెంట్‌వుడ్ పెట్టె అంటారు. ఆ తీరంలో తరతరాలుగా ఉన్న పనితనం. ఒకే ఒక్క దేవదారు పలక తీసుకుంటారు. మూలలు రావలసిన చోట్ల గాడి కోస్తారు. ఆవిరి పట్టి, చెక్క మెత్తబడ్డాక మెల్లగా వంచుతారు. పలక విరగదు. నాలుగు గోడలుగా తిరిగి తన కొసను తానే వచ్చి కలుసుకుంటుంది. అతుకు పడేది ఒక్క మూలలోనే. ఎంత ఓపిక, ఎంత మర్యాద ఆ వంచడంలో! పిల్లల్ని వంచబోయి విరిచేసిన స్కూళ్ల కథలు విని దాచుకోవడానికి ఇంతకన్నా తగిన పాత్ర మరొకటి ఉండదని నాకనిపిస్తుంది.

ఆ పెట్టె పలకల్లో ఒకదాని మీద శిల్పి తన నాయనమ్మో అమ్మమ్మో అయిన పెద్దావిడ రూపం చెక్కాడు. ఆమె చిన్నప్పుడు కూపర్ దీవి స్కూల్లో ఉండేది. అక్కడి నన్‌లు ఆమెను మూడు అంతస్తుల మెట్ల మీద నుంచి కిందికి తోసేశారు. వైద్యం చేయించలేదు. విరిగిన చేతి వేళ్ల ఎముకలు వంకరగానే అతుక్కున్నాయి, ఆ వేళ్లతోనే ఆమె జీవితమంతా గడిపింది. మనవడు ఉలి పట్టినప్పుడు ఆ వేళ్లను సరిచేయలేదు. చెడిన వేళ్లను చెడినట్టే చెక్కాడు. ప్రేమకు అందమైన చేతులు గీయాలనే కోరిక ఎంత బలంగా ఉంటుందో, కుంచె పట్టిన ఎవరినైనా అడగండి. ఆ కోరికను ఆపుకున్నాడే, అక్కడ ఉంది అతని కళ! ఆ వంకర వేళ్ల దగ్గర ఉలి నెమ్మదించి, చెక్కను నిమిరినట్టుగా నడిచి ఉంటుంది. కమిషన్ సభలు జరిగిన ఊరూరా జనం ఆ పెట్టెలో తమ కానుకలు పెట్టారు. సభల్లో కళ్లు తుడుచుకున్న కాగితాలను కూడా చెత్తబుట్టలో పారేయనివ్వలేదు. వాటిని జాగ్రత్తగా పోగుచేసి పవిత్రాగ్నికి సమర్పించేవారు. కన్నీటికి ఇంత గౌరవం ఇచ్చిన ప్రభుత్వ సభలు ప్రపంచంలో ఎన్ని ఉంటాయి?

పెట్టె తర్వాత దుప్పటి. కేరీ న్యూమన్ తండ్రి వైపు క్వాక్వాకావాక్, కోస్ట్ సేలిష్ వంశాలవాడు, తల్లి వైపు వలస వచ్చిన తెల్లవాళ్ల వారసుడు. తండ్రి రెసిడెన్షియల్ స్కూల్లో నలిగి వచ్చిన మనిషి. ఆ కొడుకు 2014లో ఒక దుప్పటి పూర్తి చేశాడు. 'సాక్షి దుప్పటి' అని పేరు. ఆ జాతుల ఆచారంలో గౌరవించదలచిన మనిషి భుజాల మీద దుప్పటి కప్పుతారు. ముఖ్యమైన కార్యం జరిగితే వచ్చినవాళ్లలో కొందరిని సాక్షులుగా పిలుస్తారు. చూసింది గుర్తుంచుకోవడం, అడిగినప్పుడు చెప్పడం వాళ్ల బాధ్యత. ఈ రెండు ఆచారాలూ కలిసిన పని అది. అయితే ఇందులో నూలు లేదు, ఉన్ని లేదు. పన్నెండు మీటర్ల పొడుగున దేవదారు చట్రాలు, వాటిని కలుపుతూ ఉక్కు తీగలు, చట్రాల గళ్లలో ఎనిమిది వందలకు పైగా వస్తువులు. ఆ స్కూళ్ల నుంచి, చర్చిల నుంచి, ప్రభుత్వ భవనాల నుంచి, బాధితుల ఇళ్ల నుంచి దేశమంతా తిరిగి సేకరించినవి. ఇటుకలు, తలుపు పిడులు, రంగు గాజు ముక్కలు, ఉత్తరాలు, ఫొటోలు, కంచాలు, మంచు మీద ఆడుకునే స్కేట్లు.

దగ్గరికి వెళ్లి చూడాలి. దూరం నుంచి అదొక రంగుల గోడ. దగ్గరికెళ్లేకొద్దీ ఒక్కో గడీ ఒక్కో గొంతు అవుతుంది. యూకాన్‌లోని కార్‌క్రాస్‌లో, ఒకప్పటి స్కూలు ఉన్న చోట దొరికిన ఒక బూటు ఉంది అందులో. పసివాడి బూటు. నేలలో నాని, ఎండి, ముడుచుకుపోయిన తోలు. ఆ బూటు వేసుకున్న పాదం ఎవరిదో, పారిపోతూ పరిగెత్తిందో, ఆటలో జారిందో ఎవరూ చెప్పలేరు. తోలు మడతలో మాత్రం వేళ్లు వంగిన చోటు ఇంకా ఉంది. మరో గడిలో జడలున్నాయి. శిల్పి తోబుట్టువులు తమ జుట్టు కోసి ఇచ్చినవి. స్కూల్లో అడుగుపెట్టగానే పిల్లల జుట్టు బలవంతంగా కత్తిరించిన ఆ కత్తెరకు, ఇష్టంతో కోసి ఇచ్చిన ఈ జడ ఎదురు నిలుస్తుంది. ఒక మాట లేదు, ఒక నినాదం లేదు. అల్లిన జుట్టు మాత్రమే. అల్లిన నైపుణ్యం చూస్తుంటే, ప్రతి పాయా బిగుతుగా, ఒద్దికగా, ఎవరో అమ్మ పిల్లను ముందు కూర్చోబెట్టుకుని వేసినట్టే ఉంటుంది.

దుప్పటి మధ్యలో ఒక నిజమైన తలుపు నిలబెట్టాడు న్యూమన్. అలెర్ట్ బే ఊళ్లో సెయింట్ మైకేల్స్ స్కూలు ఉండేది. 1929లో కట్టిన ఇటుకల భవనం. అందులో జబ్బుపడ్డ పిల్లల్ని పెట్టే గది తలుపు అది. ఆ భవనాన్ని 2015 ఫిబ్రవరిలో కూల్చేటప్పుడు ఒకప్పటి పిల్లలు, అప్పటికి తల నెరిసినవాళ్లు, వచ్చి రాళ్లు విసిరారు. భవనం పోయింది. తలుపు మిగిలింది. ఎన్ని చిన్న చేతులు ఆ తలుపును నెట్టి ఉంటాయో! ఎందరు దాని వెనక అమ్మ కోసం ఏడ్చి ఉంటారో! ఆ తలుపు ఇప్పుడు ఎవరినీ లోపల పెట్టి మూయదు. దేవదారు చట్రాల మధ్య, జడల పక్కన, ఉత్తరాల పక్కన నిలబడి చూడ్డానికి వచ్చినవాళ్లకు దారి ఇస్తుంది.

ఈ దుప్పటి విషయంలో నన్ను పరవశింపజేసే సంగతి ఇంకొకటుంది. 2019లో న్యూమన్, విన్నిపెగ్‌లోని కెనడా మానవ హక్కుల మ్యూజియం ఒక ఒప్పందం చేసుకున్నారు. దుప్పటి ఎవరి సొత్తూ కాదు. మ్యూజియం కొనలేదు, శిల్పి అమ్మలేదు. దుప్పటికే హక్కులున్నాయి, మిగతా ఇద్దరూ దాన్ని కనిపెట్టుకుని ఉండేవాళ్లు. దేవుడి పేరిట మాన్యం ఉండటం, దేవుడే కోర్టులో కక్షిదారు కావడం ఎరిగిన మనకు ఇది వింత కాదు. కానీ కెనడా చట్టంలో ఇది అపురూపం. కాగితం మీద సంతకాలతో సరిపెట్టలేదు వాళ్లు. కోమాక్స్‌లో వేడుకలు జరిపే పెద్దింట్లో, దేవదారు దూలాల కింద, విందు పెట్టి, పిలిచిన సాక్షుల ఎదుట నోటి మాటతో ఆ ఒప్పందాన్ని ఖాయం చేశారు. ఒకప్పుడు చట్టం నిషేధించిన ఈ విందు ఆచారమే ఇప్పుడు చట్టానికి ముద్ర వేసింది! రసికుడికి దుప్పటి అందంలో ఇది కూడా భాగమే. ఎలా కాపాడుకుంటున్నారన్నది కూడా ఆ పనిలో ఒక పోగు.

ఇక స్తంభం దగ్గరికి వద్దాం. నా మనసు ఎప్పుడూ వచ్చి ఆగేది ఇక్కడే.

వాంకూవర్‌లో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం ఉంది. మస్క్వియం జాతి ఎన్నడూ ఎవరికీ రాసివ్వని భూమి మీద కట్టినది. దాని మెయిన్ మాల్ దారిలో 2017 ఏప్రిల్ 1న ఒక స్తంభాన్ని నిలబెట్టారు. 17 మీటర్ల ఎత్తు. దాదాపు 800 ఏళ్ల వయసున్న ఎర్ర దేవదారు మాను. పాలంపేటలో రామప్ప గుడి లేస్తున్న రోజులకు అటూ ఇటూగా అది మొలకెత్తి ఉంటుంది. చెక్కినవాడు హైడా జాతి వంశపారంపర్య పెద్ద, మహాశిల్పి జేమ్స్ హార్ట్. బిల్ రీడ్ దగ్గర పని నేర్చినవాడు. ఇలాంటి స్తంభం చెక్కడమే ఒకప్పుడు అంతరించేలా ఉండేది. 1862 మశూచి హైడా పల్లెల్ని తుడిచిపెట్టింది. స్తంభం నిలబెట్టేటప్పుడు చేసే పాట్‌లాచ్ వేడుకను 1885 నుంచి 1951 దాకా చట్టం నిషేధించింది. పాత స్తంభాల్ని నరికి మ్యూజియాలకు తరలించుకుపోయారు. 1969లో ఓల్డ్ మాసెట్‌లో రాబర్ట్ డేవిడ్‌సన్ అనే యువశిల్పి ఒక స్తంభం నిలబెట్టినప్పుడు, ఆ ఊళ్లో దాదాపు వందేళ్లలో అదే మొదటిది. అలాంటి విద్య ఇది. నిలబడటమే ఒక జవాబు.

నిలబెట్టిన రోజున క్రేనుకు అప్పగించి ఊరుకోలేదు. తాళ్లు కట్టి వందల మంది పట్టుకుని లాగారు. బతికి బయటపడ్డ ముసలివాళ్లు, వాళ్ల మనవలు, విద్యార్థులు, ప్రొఫెసర్లు, ఆ ఊరి జనం. తాడు బిగుసుకోవడం, వందల భుజాలు ఒక్కసారి వెనక్కి వాలడం, మాను నేల విడిచి మెల్లమెల్లగా లేవడం, ఆకాశంలోకి నిటారుగా నిలబడటం! అంత బరువు ఒక్కరి చేతికీ అందదు, అందరి చేతుల్లోనూ అందుతుంది.

స్తంభాన్ని కింది నుంచి పైకి చదవాలి. అడుగున సాల్మన్ చేపలు మొదలు చుట్టూ ఈదుతుంటాయి. సముద్రంలోంచి పుట్టిన ఏటికే తిరిగొచ్చే చేప, ఆ తీరానికి అన్నం, ప్రాణం. దాని పైన ఎలుగు తల్లి. రెండు పిల్లల్ని ఒళ్లో పట్టుకుని ఉంటుంది. చెవుల మధ్య నుంచి రేవెన్ కాకి తొంగి చూస్తుంది. ఎలుగు కాళ్ల మధ్య ఒక మంత్రగాడు, చేపలు మళ్లీ మళ్లీ రావాలని క్రతువు చేస్తుంటాడు. కింది సగమంతా స్కూళ్లకు ముందు రోజుల సంతృప్తి. కళ్లు పెద్దవి, గుండ్రనివి. కనుబొమలు బరువైనవి. గీతలు ఒకచోట లావెక్కి, మరోచోట సన్నగిల్లి, ఒక జంతువు అంచులోంచి మరో జంతువు అంచులోకి జారిపోతాయి. ఎక్కడా ఖాళీ లేదు, ఎక్కడా ఇరుకు లేదు. ఎలుగు తల్లి పట్టులో ఎంత భద్రత! ఆ గోళ్లు పిల్లల మీద వాలిన తీరు చూడండి, వాటికి బరువుందిగానీ ఒత్తిడి లేదు.

ఎలుగు తల్లి పట్టు మీద నుంచి చూపు పైకి వెళ్తుంది. అక్కడ స్కూలు ఉంది.

ఇక్కడ శిల్పి చేసినది నన్ను నిలువునా వణికిస్తుంది. వంపులతో, అండాకారాలతో, ఊపిరి పీల్చే గీతలతో నడిచి వచ్చిన స్తంభంలో హఠాత్తుగా నిలువు గీతలు, అడ్డు గీతలు, కిటికీలు, కప్పు. ఒక భవనం. హార్ట్ తాతగారు చదివిన కొక్వలీట్జా స్కూలును చూసి చెక్కినది. ప్రకృతి నడుమ ఒక పెట్టె దిగబడింది. ఏ తిట్టూ అక్కర్లేదు, రేఖే తీర్పు చెప్పింది! దాన్ని స్తంభం అడుగున పెట్టి తొక్కించలేదు, పైన పెట్టి పెత్తనమూ ఇవ్వలేదు. నడిమిన పెట్టాడు. దాని కింద వేల ఏళ్ల బతుకు ఉంది, దాని పైన కూడా బతుకు ఉంది. స్కూలు కథలో ఒక అధ్యాయం మాత్రమే. ఎంత పొడవైన అధ్యాయమైనా, కథ దానిది కాదు.

భవనం పైన పిల్లలున్నారు. యూనిఫారాల్లో, నంబర్లతో, ఒకరినొకరు పట్టుకుని, ఒకరికొకరు ఆసరాగా. వాళ్ల పాదాలు వెతకండి. కనబడవు. శిల్పి వాళ్లకు పాదాలు చెక్కలేదు. ఆ ఏళ్లలో వాళ్ల కాళ్ల కింద నేల లేదు గనుక. నేను ఎన్నో కరుణ శిల్పాలు చూశాను. ఏడ్చే ముఖాలు, చాచిన చేతులు, రాలిన కన్నీటి చుక్కలు. ఈ లేని పాదాలంత లోతుగా ఏదీ దిగలేదు. చెక్కని చోట ఉలి ఇంత చెప్పగలదా! కింద ఎలుగు పిల్లలకు తల్లి ఒడి ఉంది, పైన ఈ పిల్లలకు నేలే లేదు. రెంటి మధ్యా ఒక్క భవనం ఎడం. కరుణ ఒక్కటే రసమన్న భవభూతి ఈ మాను ముందు నిలబడి ఉంటే తన మాటకు ఇంకో సాక్ష్యం దొరికిందని సంతోషించేవాడు.

మేకుల మాట ఇప్పుడు చెప్తాను. స్తంభం మీద వేల రాగి మేకులున్నాయి. స్కూళ్లలో చనిపోయిన పిల్లల జ్ఞాపకంగా కొట్టినవి. శిల్పి ఒక్కడే కొట్టినవి కావు. బతికి బయటపడ్డవాళ్లు, వాళ్ల కుటుంబాలు, బడిపిల్లలు వచ్చి సుత్తి పట్టుకుని కొట్టారు. ఒక్క మేకును తలుచుకోండి. వయసు మీద పడిన ఒక చెయ్యి, కొంచెం వణుకుతూ, రాగి మేకు కొనను దేవదారు మీద ఆనించి నిలబెడుతుంది. చెక్క మెత్తనిదే గనుక మొదటి దెబ్బకే దిగుతుంది. రెండో దెబ్బ. మూడో దెబ్బ. తల చెక్కతో సమంగా వచ్చే దాకా. ఆ చెయ్యి ఎవరి పేరు తలుచుకుందో పక్కవాళ్లకు తెలియదు. పక్క మంచం మీద పడుకున్న నేస్తమో, తిరిగిరాని చెల్లెలో. కాగితం మీద ఆ పేరు లేకపోవచ్చు. మేకు మాత్రం ఉంది.

రాగి ఆ తీరంలో సంపద. పెద్దలు రాగి ఫలకాల్ని గౌరవ చిహ్నాలుగా పట్టుకుంటారు, వేడుకల్లో చూపిస్తారు. ఇనుప మేకులు ఎంత చవకగా దొరికినా, ఈ పిల్లల కోసం రాగినే ఎంచుకున్నారు. దానాలు ఆచంద్రార్కం నిలవాలని రాగి రేకుల మీద చెక్కించిన మన పాత రాజుల తామ్రశాసనాలు గుర్తొస్తాయి నాకు. ఈ శాసనంలో అక్షరాలు లేవు, ఒక్కో మేకూ ఒక్కో పసిప్రాణం. కొట్టిన రోజున రాగి మెరుస్తుంది. వాంకూవర్ వాన దాన్ని మెల్లగా నల్లబరుస్తుంది. ఏళ్లు గడిస్తే పచ్చని ఛాయ పట్టిస్తుంది. ఎండ తగిలినప్పుడు మేకుల తలలు చెక్క మీద చుక్కల్లా కదులుతాయి. కాలం ఈ పనిని పాడుచేయదు, పూర్తి చేస్తుంది!

మేకులు దాటి పైకి వెళ్తే నాలుగు ఆత్మలు. నీటి తిమింగలం, నేల ఎలుగు, గాలి గద్ద, అతీతలోకపు ఉరుము పక్షి. ఒక్కో పిల్ల, ఒక్కో పిల్లాడు ఏ లోకాల నుంచి వచ్చారో అవే. వాటి పైన అమ్మ, నాన్న, పిల్లలు. ఇప్పటి కుటుంబం, పెద్దరికపు వేషధారణలో తలెత్తుకుని. ఇంకా పైన రెండు పడవలు పక్కపక్కన సాగుతుంటాయి: ఆదివాసుల పడవ ఒకటి, కెనడాది ఒకటి. పైన నాలుగు రంగుల రాగి ఫలకాలు. శిఖరాన గద్ద, ఎగరబోతూ.

నిజం చెప్పాలంటే, పడవల దగ్గర నా రసానుభవం కాస్త నెమ్మదిస్తుంది. పనితనంలో లోటు లేదు. ఆ రెండు పడవలూ అలా పక్కపక్కన సాగడం ఇంకా నిజం కాలేదు. కమిషన్ 2015లో ప్రభుత్వం ముందు, సమాజం ముందు 94 పిలుపులు పెట్టింది. చాలావాటికి జవాబు ఇంకా బాకీ. హార్ట్ కళ్లకు కనబడుతున్న పడవల్ని నేను అతని నమ్మకం మీద నమ్ముతాను. పాదాలు లేని పిల్లల్ని మాత్రం నా కళ్లతోనే నమ్ముతాను. నా మటుకు స్తంభం గుండె వాళ్ల దగ్గరే కొట్టుకుంటుంది. హార్ట్ ఆ గుండెను నడిమిన పెట్టి, చూపును అక్కడ నిలిపి, ఆపైన ఎగరబోయే గద్ద దాకా తీసుకెళ్తాడు. శోకంలో మునిగి ఉండిపోనివ్వడు, శోకాన్ని మరిచిపోనివ్వడు. ఈ కాలంలో ప్రపంచమంతటా కట్టిన స్మారకాల్లో ఇంతటి సమతూకం సాధించినవి అరుదు. చాలా స్మారకాలు మనల్ని తల దించుకోమంటాయి. ఇది తల ఎత్తి చూడమంటుంది. మెడ నొప్పి పుట్టేదాకా చూసినా పై గద్ద ముఖంలో ఇంకా ఏదో మిగిలిపోతుంది!

ఆ స్తంభం నిలిచిన ఏడాది తర్వాత, 2018 ఏప్రిల్‌లో, అదే క్యాంపస్‌లో రెసిడెన్షియల్ స్కూళ్ల చరిత్ర కేంద్రం తెరిచారు. ఆ రోజున విశ్వవిద్యాలయం అధ్యక్షుడు శాంటా ఓనో ఈ వ్యవస్థలో విశ్వవిద్యాలయానికి ఉన్న పాత్రకు క్షమాపణ చెప్పాడు. వచ్చినవాళ్లు ఆ కాలపు రికార్డులు అక్కడ చూడవచ్చు. సాక్షి దుప్పటి విన్నిపెగ్ మ్యూజియం సంరక్షణలో ఉంది. పెట్టె మానిటోబా విశ్వవిద్యాలయంలోని జాతీయ సత్య, సయోధ్య కేంద్రంలో ఉంది. చనిపోయిన పిల్లల పేర్లను వెతికి రాసే పని కూడా ఆ కేంద్రమే చేస్తోంది. ఆ జాబితా నాలుగు వేలు దాటింది, ఇంకా పెరుగుతూనే ఉంది.

మన తెలుగు పిల్లలు ఎందరో చదువులకనీ ఉద్యోగాలకనీ వాంకూవర్ వెళ్తున్నారు. వాళ్లను చూడ్డానికి అమ్మానాన్నలూ వెళ్తున్నారు. స్టాన్లీ పార్కు చూస్తారు, విస్లర్ మంచు చూస్తారు, చూడాలి కూడా. ఒక పూట మాత్రం ఈ విశ్వవిద్యాలయానికి కేటాయించండి. మెయిన్ మాల్ వెంట దక్షిణపు కొస దాకా నడవండి. కింది చేపల నుంచి మొదలుపెట్టి, తొందరపడకుండా, పైకి చదవండి. పిల్లల్ని కూడా తీసుకెళ్లండి, ఆ నంబర్ల గురించి వాళ్లు అడిగితే దాచకుండా చెప్పండి. స్తంభం ఆరుబయటే ఉంది, టికెట్ లేదు.